నేతాజీని దించి వెనుదిరిగిన యు-180: 1943లో బతికిన జలాంతర్గామి 1944లో ఎందుకు బతకలేదు?

సుభాష్ చంద్రబోస్ జర్మనీలో జలాంతర్గామి ఎక్కి, నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి ఆసియా చేరుకున్న కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్ అన్న సంగతి కూడా చాలామందికి తెలుసు. కానీ ఆ కథ 1943 ఏప్రిల్ చివర్లో నేతాజీతో పాటే జపాన్ జలాంతర్గామిలోకి మారిపోతుంది. ఆయన వెంట సింగపూర్‌కి, అక్కణ్నుంచి ఇంఫాల్‌కి సాగిపోతుంది. ఆయన్ని అంత దూరం మోసుకొచ్చిన జర్మన్ జలాంతర్గామి యు-180 ఏమైందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

యు-180 క్షేమంగా వెనక్కి వెళ్లింది. ఏడాది తర్వాత మళ్లీ తూర్పు దిక్కుకే బయల్దేరింది. ఈసారి ఫ్రాన్స్ తీరం దాటి కొద్ది రోజులైనా గడవకముందే 56 మందితో సహా జాడ లేకుండా పోయింది. మొదటిసారి 145 రోజుల పాటు రెండు మహాసముద్రాల్లో తిరిగి వచ్చిన జలాంతర్గామి, రెండోసారి తన గుమ్మం ముందే ఎందుకు పోయింది? సరిగ్గా ఏ క్షణంలో, ఏది తగిలి పోయిందో తేల్చే సాక్ష్యం లేదు. అయితే అలాంటి ప్రమాదంలోకి అది ఎలా నెట్టబడిందో మాత్రం స్పష్టంగానే కనబడుతుంది. దాని ఇంజన్ల దగ్గర మొదలుపెట్టి చూస్తే ఆ దారి ఇంకా బాగా అర్థమవుతుంది.

వేగం కోసం చేసిన ప్రయోగం

యు-180ని బ్రెమెన్‌లోని ఏజీ వేసెర్ షిప్‌యార్డులో కట్టారు. 1941 ఫిబ్రవరిలో పని మొదలై, అదే ఏడాది డిసెంబరులో జలప్రవేశం జరిగింది. 1942 మే 16న నౌకాదళంలో చేరింది. అది 9డి1 తరగతి జలాంతర్గామి. ఆ తరగతిలో కట్టినవి రెండే రెండు, యు-180, యు-195. దూరప్రయాణాల కోసం జర్మనీ కట్టిన పెద్ద జలాంతర్గాముల్లో ఇవి ఒక ప్రత్యేక ప్రయోగం. నీటి పైన మామూలు జర్మన్ సబ్‌మెరైన్ల కంటే వేగంగా పోవాలన్నది ఆ ప్రయోగం లక్ష్యం.

ఆ వేగం కోసం ఇంజనీర్లు టార్పెడో బోట్ల ఇంజన్లు తెచ్చి పెట్టారు. మామూలుగా ఇలాంటి జలాంతర్గామికి రెండు పెద్ద డీజిల్ ఇంజన్లు ఉంటాయి. యు-180లో డైమ్లర్-బెంజ్ వాళ్లు చిన్న, వేగవంతమైన దాడి బోట్ల కోసం చేసిన 20 సిలిండర్ల ఇంజన్లు ఆరు బిగించారు. ఒక్కోటి 1,500 హార్స్‌పవర్. ఆరూ కలిసి 9,000. కాగితం మీద లెక్క అద్భుతంగా ఉంది. నీటి పైన వేగం 20 నాట్లు, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లు, దాటింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, దాడి బోటు పని వేరు, జలాంతర్గామి పని వేరు. దాడి బోటు రాత్రిపూట కొన్ని గంటలు పూర్తి వేగంతో పరిగెత్తి, తెల్లారేసరికి రేవుకి చేరుకుంటుంది. అక్కడ మెకానిక్కులు ఇంజన్ విప్పి చూసుకోవచ్చు. జలాంతర్గామి నెలల తరబడి, రోజంతా, మధ్యస్థ వేగంతో నడుస్తూనే ఉండాలి. దానికి మన్నిక కావాలి, పొదుపు కావాలి. ఈ ఆరు ఇంజన్లలో ఆ రెండు గుణాలూ లేవు. వాటి వేడికి లోపలంతా ఉడికిపోయేది. పొగ గొట్టంలోంచి వచ్చే పొగ సముద్రం మీద చాలా దూరం నుంచే కనిపించేది. దాక్కోవడమే ప్రాణాధారమైన నౌకకు ఇంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉండదు. అదే కుటుంబానికి చెందిన 9డి2 తరగతి జలాంతర్గాములు రెండు పెద్ద ఇంజన్లతో, నిదానంగా వెళ్లడానికి రెండు చిన్న ఇంజన్లతో ఇంతకంటే ఎంతో ఎక్కువ దూరం వెళ్లగలిగేవి. హిందూ మహాసముద్రంలో ఏళ్ల తరబడి వేటాడినవి ఎక్కువగా అవే.

మరి అంత ముఖ్యమైన ప్రయాణికుణ్ని ఈ జలాంతర్గామిలో ఎందుకు పంపారు? అది పెద్దది, దూరం పోగలదు, ఆ సమయానికి సిద్ధంగా ఉంది. యుద్ధంలో చాలా నిర్ణయాలు ఇలాగే జరుగుతాయి. అందుబాటులో ఉన్నదే పనిలోకి దిగుతుంది.

కీల్ రేవులో ఎక్కిన ఇద్దరు

నేతాజీ 1941 జనవరిలో కలకత్తాలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని, కాబూల్, మాస్కో మీదుగా ఏప్రిల్‌లో బెర్లిన్ చేరారు. రెండేళ్లు గడిచేసరికి అక్కడ ఉండి సాధించేది పెద్దగా లేదని ఆయనకు అర్థమైంది. జర్మన్ సైన్యం స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకుపోయింది. భారత సరిహద్దుకు దగ్గరగా వచ్చింది జపాన్. సింగపూర్ 1942 ఫిబ్రవరిలోనే జపాన్ చేతికి వచ్చింది. అక్కడ మోహన్ సింగ్ కట్టిన మొదటి ఆజాద్ హింద్ ఫౌజ్ ఆ ఏడాది చివరికల్లా చెల్లాచెదురైంది. దాన్ని మళ్లీ నిలబెట్టే మనిషి కావాలి. 1942 మేలో హిట్లర్‌ను కలిసినప్పుడే నేతాజీ తూర్పుకి వెళ్లే విషయం చర్చకు వచ్చింది. విమానంలో పంపే ఆలోచన కూడా నడిచింది. చివరికి సముద్రమార్గమే ఖాయమైంది.

1943 ఫిబ్రవరి 9న కీల్ నుంచి యు-180 బయల్దేరింది. కమాండర్ వెర్నర్ ముసెన్‌బెర్గ్. ఎక్కిన ఇద్దరు కొత్తవాళ్లు నార్వేలో జలాంతర్గాముల బంకర్లు కట్టడానికి వెళ్తున్న ఇంజనీర్లని సిబ్బందికి చెప్పారట. నార్వే దాటాక కూడా వాళ్లు దిగకపోయేసరికి అసలు విషయం దాగలేదు.

లోపల బతుకు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి విశాఖ రామకృష్ణ బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా లోపలికి ఒక్కసారి వెళ్లొస్తే చాలు. కుర్సురా పొడవు 91 మీటర్లు. యు-180 సుమారు 88. వంగి దూరాల్సిన గుండ్రటి తలుపులు, ఒక మనిషి వస్తే ఇంకో మనిషి గోడకు అంటుకోవాల్సిన నడవా, పైపుల మధ్య ఇరికించిన బల్లల్లాంటి పడకలు చూస్తేనే ఊపిరాడనట్టుంటుంది. దానికి ఆరు ఇంజన్ల వేడిని, ఎప్పుడూ వదలని డీజిల్ కంపుని, 60 మంది మనుషుల్ని కలుపుకుంటే యు-180 అవుతుంది. రొట్టెకూ దుప్పటికీ కూడా డీజిల్ వాసనే అని హసన్ తర్వాత గుర్తుచేసుకున్నారు. స్టోర్లో వెతికితే కాస్త బియ్యం, పప్పు దొరికాయని, వాటితో కిచిడీ వండి నేతాజీకి పెట్టానని కూడా చెప్పారు. నేతాజీ ఆ కిచిడీ తినడానికి జర్మన్ అధికారుల్ని కూడా పిలుస్తుంటే, ఉన్న కొద్ది బియ్యం ఎన్నాళ్లొస్తాయోనని హసన్‌కి టెన్షన్.

ఆ ఇరుకులోనే నేతాజీ రోజూ పనిచేశారు. తన పుస్తకాన్ని సవరించారు, తూర్పులో చేయబోయే ప్రసంగాలు సిద్ధం చేసుకున్నారు. హసన్ రాసుకునేవారు. ఒకసారి ఒక ఓడపై దాడి సమయంలో జరిగిన పొరపాటుకి యు-180 ఆ ఓడని దాదాపు ఢీకొనే పరిస్థితి వచ్చింది. నౌక ఊగిపోతుంటే హసన్ చెయ్యి ఆగిపోయింది. చెప్పిన మాటే రెండుసార్లు చెప్పాను, నువ్వింకా రాసుకోలేదు అని నేతాజీ గుర్తుచేశారట. హసన్ జీవితాంతం చెప్పుకున్న సంఘటన ఇది. 1911లో పుట్టిన ఆయన ఇంజనీరింగ్ చదువు కోసం జర్మనీ వెళ్లి ఈ ఉద్యమంలోకి వచ్చారు. 'జై హింద్' నినాదాన్ని ఇచ్చింది ఆయనేనని పేరు. స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్క్‌లో భారత రాయబారిగా పనిచేశారు. రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చి స్థిరపడి, 1984లో కన్నుమూశారు. యు-180 లోపలి జీవితం గురించి భారతీయుల వైపు నుంచి మనకు మిగిలిన సాక్ష్యం ఎక్కువగా ఆయన మాటలే.

ఈ ప్రయాణాన్ని మనం చెప్పుకునేటప్పుడు దాటేసే విషయం ఒకటుంది. యు-180 ప్రయాణికుల నౌక కాదు. ఏప్రిల్ 18న, నేతాజీ లోపల ఉండగానే, దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా కోర్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ను అది టార్పెడోలతో ముంచేసింది. 8,132 టన్నుల ఓడ. అందులో ఉన్నవాళ్లలో బతికి బయటపడినవాళ్లు చాలా కొద్దిమంది. ఆ చావుల్ని కథలోంచి తీసేస్తే యు-180 ఒక రహస్య టాక్సీలా కనిపిస్తుంది. అది అలాంటిది కాదు. దేశం కోసం ప్రాణాలకు తెగించి చేసిన ప్రయాణమే, నిజం. ఆ ప్రయాణం సాగింది మాత్రం ఓడల్ని ముంచడానికి కట్టిన యంత్రంలో. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే ఆ రోజుల్లో నేతాజీ ఎంచుకున్న దారి ఎంత కఠినమైందో తెలుస్తుంది.

మడగాస్కర్ దగ్గర అలల మీద

ఏప్రిల్ 26న, మడగాస్కర్‌కు ఆగ్నేయంగా వందల మైళ్ల దూరంలో, ముందే అనుకున్న చోట యు-180 ఆగింది. అక్కడికి జపాన్ జలాంతర్గామి ఐ-29 వచ్చింది. అది పెనాంగ్ నుంచి బయల్దేరింది. అందులో జలాంతర్గాముల దళానికి (ఫ్లోటిల్లా) కమాండర్ అయిన కెప్టెన్ మసావో తెరావొకా ఉన్నాడు. ఐ-29 పొడవు దాదాపు 109 మీటర్లు, జర్మన్ నౌక కంటే చాలా పెద్దది.

రేడియోలో తేలిగ్గా పలకరించుకోగల పరిస్థితి లేదు. మాట్లాడితే శత్రువు వింటాడు. పైగా సముద్రం పోటెత్తి ఉంది. రెండు జలాంతర్గాములు దగ్గరికి వస్తే ఒకదానికొకటి కొట్టుకుని పగిలిపోతాయి. దూరంగా ఉంటే మనుషుల్ని మార్చడం కుదరదు. ఒకదాని వెంట ఒకటి నడుస్తూ, సముద్రం కాస్త నెమ్మదించే దాకా ఆగాల్సి వచ్చింది. శత్రు విమానం ఒక్కటి వచ్చినా రెండూ పోయేవే. మొత్తానికి రెండు నౌకల మధ్య తాడు కట్టి, రబ్బరు పడవలో నేతాజీని, హసన్‌ని అవతలికి పంపారు. ఇద్దరూ నిలువునా తడిసిపోయి ఐ-29 ఎక్కారు. 28వ తేదీకల్లా మనుషులూ సరుకూ మారడం పూర్తయింది. తెరావొకా తన క్యాబిన్ నేతాజీకి ఇచ్చాడు. మర్నాడు జపాన్ చక్రవర్తి పుట్టినరోజు. పెనాంగ్‌లో కొన్న భారతీయ మసాలాలతో కూరలు వండి పెట్టారు. రెండున్నర నెలల డీజిల్ రొట్టె తర్వాత ఆ భోజనం ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. మే మొదట్లో ఐ-29 సుమత్రాకు ఉత్తరాన ఉన్న సబాంగ్ చేరింది. అక్కణ్నుంచి నేతాజీ విమానంలో టోక్యో వెళ్లారు.

జర్మన్, జపాన్ నౌకాదళాల లెక్కల్లో మాత్రం నేతాజీ ఆ రోజు మార్చుకున్న అనేక వాటిలో ఒకరు. యు-180 నుంచి ఐ-29కి జలాంతర్గామి నమూనా చిత్రాలు, నీటి కింద శబ్దంతో జాడ పట్టే సోనార్‌ను ఏమార్చే పరికరాలు, ఒక తుపాకీ గొట్టం నమూనా, టోక్యోలోని జర్మన్ రాయబార కార్యాలయానికి ఉత్తరాలు వెళ్లాయి. ఐ-29 నుంచి యు-180కి బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయం కోసం రెండు టన్నుల బంగారం, జపాన్ టార్పెడోలు, ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకడు హిదెయో తొమొనాగా, జలాంతర్గామిని ఒకే లోతులో తనంతట తానే నిలబెట్టే యంత్రాన్ని రూపొందించిన ఇంజనీరు. జర్మనీ జలాంతర్గాములు ఎలా కడుతుందో నేర్చుకోవడానికి వచ్చాడు.

ఈ జాబితా కాస్త ఆగి చదవాల్సింది. ప్రపంచాన్ని పంచుకుందామనుకున్న రెండు మిత్రదేశాల మధ్య, ఆ ఏడాది ఏప్రిల్‌లో సాంకేతిక జ్ఞానం మారింది రెండు జలాంతర్గాముల మధ్య కట్టిన ఒక తాడు మీద. మొత్తం సరుకు పదుల టన్నులు కూడా లేదు. అదే సమయంలో అమెరికా నుంచి బ్రిటన్‌కు, సోవియట్ యూనియన్‌కు కాన్వాయ్‌ల (రక్షణతో గుంపుగా సాగే ఓడల) మీద కాన్వాయ్‌లు లక్షల టన్నులు మోస్తున్నాయి. జర్మనీకి మలయా రబ్బరు, తగరం, టంగ్‌స్టన్, క్వినైన్ కావాలి. జపాన్‌కి జర్మన్ యంత్రాలు, రాడార్లు, పాదరసం, కటకాల గాజు కావాలి. ఇద్దరి దగ్గరా రెండోవారికి కావాల్సింది ఉంది, మధ్యలో సముద్రం మాత్రం వాళ్లది కాదు. యు-180 కథను నేతాజీ కథగా చూస్తే అది సాహసం. జర్మనీ, జపాన్‌ల సంబంధంగా చూస్తే అది ఆ కూటమి ఎంత పలుచటి దారం మీద వేలాడుతోందో చూపించే లెక్క.

అదృష్టం, సమయం

వెనక్కి వెళ్లే దారి తేలిక కాలేదు. ఫిబ్రవరిలో బయల్దేరేనాటికీ జూలైలో చేరేనాటికీ అట్లాంటిక్ పూర్తిగా మారిపోయింది. ఆ ఏడాది మే నెల ఒక్కదానిలోనే జర్మనీ 41 జలాంతర్గాములు పోగొట్టుకుంది. నెల చివర్లో జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ కాన్వాయ్ మార్గాల నుంచి తన నౌకల్ని వెనక్కి పిలవాల్సి వచ్చింది. మిత్రపక్షాల విమానాలకు 10 సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే కొత్త రాడార్ వచ్చింది. జర్మన్ జలాంతర్గాముల్లో ఉన్న హెచ్చరిక పరికరం ఆ తరంగాల్ని పసిగట్టలేదు. రాత్రి చీకట్లో నీటి పైన తేలుతూ బ్యాటరీలు చార్జ్ చేసుకుంటుంటే, హఠాత్తుగా విమానం లైటు కళ్లల్లో పడేది, ఆ వెంటనే బాంబులు. జర్మన్ల రహస్య సందేశాల యంత్రం ఎనిగ్మా సంకేతాలు బ్రిటన్ చదువుతూనే ఉంది. నడిసముద్రంలో ఇంధనం అందించే 'పాల ఆవులు' అని పేరుపడ్డ ట్యాంకర్ జలాంతర్గాముల్ని ఏరి ఏరి ముంచుతున్నారు. అలాంటివి పది కడితే, యుద్ధం ముగిసేసరికి పదీ పోయాయి. తిరుగుదారిలో ఇంధనం ఎక్కడ దొరుకుతుందన్నది యు-180కి ప్రాణసమస్య అయింది.

జూన్ 3న దక్షిణ అట్లాంటిక్‌లో బోరిస్ అనే 5,166 టన్నుల గ్రీకు సరుకు ఓడను ముంచింది. దీంతో యు-180 ముంచిన ఓడలు రెండు, మొత్తం 13,298 టన్నులు. ఆ తరగతి జలాంతర్గామి స్థాయికి ఇది చాలా తక్కువ. జూలై 3న బోర్డో రేవు చేరింది. ఆ నెలలోనే బిస్కే అఖాతంలో జర్మన్ జలాంతర్గాములకు అత్యంత ఘోరమైన దెబ్బలు తగిలాయి. జూలై 30న ఒక్కరోజే అక్కడ ఒకే గుంపులోని మూడు జలాంతర్గాములు మునిగాయి. యు-180 నాలుగు వారాల ముందే లోపలికి వచ్చేసింది.

అందుకే 1943 విజయాన్ని ముసెన్‌బెర్గ్ నైపుణ్యానికో, జలాంతర్గామి గొప్పతనానికో పూర్తిగా కట్టబెట్టడం సరికాదనిపిస్తుంది. నైపుణ్యం ఉంది, కాదనలేం. కాన్వాయ్‌ల జోలికి పోకుండా, రేడియో వాడకం తగ్గించి, విమానాలు ఎక్కువగా తిరగని దక్షిణ సముద్రాల్లో అది ఎక్కువ కాలం గడిపింది. కానీ అది బయల్దేరింది తలుపు మూసుకుపోతున్న సమయంలో, తిరిగొచ్చింది ఆ తలుపు పూర్తిగా మూసుకునే ముందు. ఇదే ప్రయాణం ఆరు నెలలు ఆలస్యంగా మొదలై ఉంటే నేతాజీ ఆసియా చేరేవారా అన్నది గట్టి సందేహమే.

ఇంజన్లు మార్చి, టార్పెడోలు తీసేసి

బోర్డో చేరాక ఇంజన్ల ప్రయోగం విఫలమైందని జర్మన్లు ఒప్పుకున్నారు. ఆ ఆరు ఇంజన్లనూ పీకేశారు. 7సి తరగతి చిన్న జలాంతర్గాముల్లో వాడే, 1,400 హార్స్‌పవర్‌ల మామూలు డీజిల్ ఇంజన్లు రెండు బిగించారు. వేగం 16 నాట్ల దగ్గరికి పడిపోయింది, నమ్మకం పెరిగింది. టార్పెడో గొట్టాలు తీసేశారు. అక్కడ సరుకు నింపే వీలు కల్పించారు. ఇప్పుడది 252 టన్నులు మోయగలదు. వేటగాడిగా పుట్టిన నౌక బరువులు మోసే బండిగా మారింది. ఈ మార్పుకి ఏడాదిలో సగానికి పైగా పట్టింది.

ఇలా చేయడానికి గట్టి కారణమే ఉంది. అప్పటిదాకా తూర్పు నుంచి రబ్బరు తెచ్చే పని మామూలు ఓడలు దొంగచాటుగా చేసేవి. 1944 జనవరిలో వరసగా మూడు రోజుల్లో, 3, 4, 5 తేదీల్లో, వేసెర్‌లాండ్, రియో గ్రాండె, బుర్గెన్‌లాండ్ అనే మూడు ఓడల్ని అమెరికా యుద్ధనౌకలు దక్షిణ అట్లాంటిక్‌లో అడ్డుకున్నాయి. మూడూ మునిగిపోయాయి. నీటి పైన దారి మూసుకుపోయింది. మిగిలింది నీటి కింద దారి ఒక్కటే. ఒక ఓడ వేల టన్నులు తెచ్చే చోట ఒక జలాంతర్గామి 250 టన్నులు తెస్తుంది. అవసరం అంతటిది కాబట్టి దానికీ సిద్ధపడ్డారు.

అవతలి వైపు అనుభవం కూడా ఇలాగే ఉంది. జపాన్ ఐరోపాకి పంపిన అయిదు జలాంతర్గాముల్లో పోయి, తిరిగి స్వదేశం చేరింది ఐ-8 ఒక్కటే. నేతాజీని తీసుకెళ్లిన ఐ-29 కూడా ఆ అయిదింటిలో ఒకటి. అది 1944 మార్చిలో ఫ్రాన్స్‌లోని లోరియాంకి వచ్చి, జర్మన్ జెట్, రాకెట్ విమానాల సమాచారం తీసుకుని జూలై మధ్యలో సింగపూర్ చేరింది. అక్కణ్నుంచి జపాన్ వెళ్తుండగా జూలై 26న, ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన బాలింతాంగ్ జలసంధి దగ్గర అమెరికా జలాంతర్గామి సాఫిష్ టార్పెడోలకు బలైంది. అది ఏ దారిన వస్తోందో సంకేత సందేశాలు ఛేదించి అమెరికా ముందే తెలుసుకుంది. లోపలున్నవాళ్లలో ఒక్కరే బతికారు. నేతాజీని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్న ఆ రెండు జలాంతర్గాములూ నెల రోజుల తేడాలో పోయాయి.

1944 ఆగస్టు

యు-180 కొత్త కమాండర్ రోల్ఫ్ రీసెన్. ఇప్పుడు బోర్డో రేవు పరిస్థితి ఏడాది కిందటిలా లేదు. జూన్ 6న నార్మండీలో, ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్స్‌లో మిత్రసైన్యాలు దిగాయి. బోర్డోకి నేల మీద దారి తెగిపోయే ప్రమాదం వచ్చింది. కదలగలిగిన ప్రతి జలాంతర్గామీ ఆ రేవు వదిలి పారిపోవాల్సిన రోజులవి. ఆ నెల 28కి బోర్డో జర్మన్ల చేతిలోంచి పోయింది కూడా. అంటే ఆగస్టు 20న యు-180 బయల్దేరడం సరుకు రవాణా మాత్రమే కాదు, తరలింపు కూడా. వాతావరణం చూసుకుని, ట్రయల్స్ తీరిగ్గా చేసుకుని, దారి శుభ్రం చేయించుకుని వెళ్లే వెసులుబాటు దానికి లేదు. ఏడాదికి పైగా రేవులోనే గడిపిన నౌక అది.

బోర్డో సముద్రం ఒడ్డున లేదు. నది మీద, లోపలికి ఉంది. జిరోండ్ ముఖద్వారం గుండా చాలా దూరం వచ్చాకే సముద్రం తగులుతుంది. ఆ ఇరుకు దారిలో బ్రిటిష్ విమానాలు ఏళ్ల తరబడి మైన్లు జారవిడుస్తూనే ఉన్నాయి. అవి అడుగున పడి ఉండి, పైనుంచి ఇనుప నౌక పోతే దాని అయస్కాంత ప్రభావానికో, శబ్దానికో పేలతాయి. మైన్లు ఏరే జర్మన్ బోట్లకు ఆ ఆగస్టులో ఊపిరి సలపడం లేదు.

యుద్ధం అయ్యాక చాలాకాలం యు-180 నష్టాన్ని మైన్ ఖాతాలోనే వేశారు. జలాంతర్గామి తిరిగి రాలేదు, అది వెళ్లిన చోట మైన్లున్నాయి, కాబట్టి మైనే అన్నది ఆ వాదన. యుద్ధం ముగిసిన కొత్తలో వందలకొద్దీ నష్టాల్ని ఇలాగే తేల్చేశారు. తర్వాత పరిశోధకులు రెండు వైపుల రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాటిలో చాలా తీర్మానాలు నిలవలేదు. యు-180 విషయంలో ఇప్పుడు నమోదై ఉన్నది ఇంతే: 1944 ఆగస్టు 23న గానీ ఆ తర్వాత గానీ, బోర్డోకి పడమరగా బిస్కే అఖాతంలో గల్లంతు. 56 మందిలో ఎవరూ బతకలేదు.

మైన్ కాకపోతే మరేమిటి అంటే అందరి చూపూ స్నార్కెల్ మీదికి పోతుంది. నీటి పైకి రాకుండానే డీజిల్ ఇంజన్ నడపడానికి గాలి పీల్చుకునే నిలువు గొట్టం అది. 1944లో విమానాల నుంచి తప్పించుకోవడానికి అంతకంటే గతి లేదు. దాని పనితీరు చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. గొట్టం పైకొసకి తేలే మూత ఒకటుంటుంది. అల వచ్చి కప్పితే అది మూసుకుంటుంది, నీళ్లు లోపలికి రావు. కానీ కింద ఇంజన్ ఆగదు. బయటి గాలి అందకపోతే జలాంతర్గామి లోపలున్న గాలినే లాగేస్తుంది. క్షణాల్లో లోపలి పీడనం పడిపోతుంది, చెవులు పగిలిపోతున్నట్టు నొప్పి. అల పోయి మూత తెరుచుకుంటే బతుకు జీవుడా అనుకోవాలి. మూత ఇరుక్కుపోయి, ఇంజన్ ఆపడం ఆలస్యమైతే పొగ లోపలికే తన్నుకొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. లోతును అదుపు చేయాల్సిన మనిషే ముందుగా స్పృహ తప్పితే నౌక కిందికి పోతూనే ఉంటుంది. అలవాటు పడ్డ సిబ్బందికే ఇది కష్టం. కొత్త ఇంజన్లతో, నిండా సరుకుతో, బిస్కే అలల్లో మొదటిసారి ఇలా వెళ్తున్నవాళ్లకు ఇంకా కష్టం.

యు-180 పేరు పెట్టగలిగే విమాన దాడి గానీ యుద్ధనౌక దాడి గానీ మిత్రపక్షాల రికార్డుల్లో తేలలేదు. స్నార్కెల్‌తో వెళ్లే జలాంతర్గామి రేడియోలో మాట్లాడదు కాబట్టి, అది ఆఖరుగా ఏ రోజు బతికి ఉందో కూడా ఒడ్డునున్న జర్మన్లకు తెలియలేదు. ఈ రెండు అవకాశాల్లో ఒకటి తేల్చాల్సివస్తే, తీరానికి దగ్గరలోనే, తక్కువ లోతులోనే పోయి ఉంటే మైన్, అఖాతం లోతుల్లోకి చేరి ఉంటే స్నార్కెల్ అనుకోవడమే సబబు. మైన్ వాదనకు బలం ఎక్కువని ఒక కారణం చేత అనిపిస్తుంది.

ఆ కారణం యు-195. ఒకే షిప్‌యార్డులో, ఒకే నమూనాతో, అవే ఆరు ఇంజన్లతో పుట్టిన తోడు నౌక అది. దానికీ బోర్డోలోనే ఇంజన్లు మార్చారు, టార్పెడో గొట్టాలు తీసేశారు, సరుకు నింపారు. అదే ఆగస్టులో, అదే నదీముఖం గుండా, స్నార్కెల్‌తోనే, అదే గమ్యానికి అది కూడా బయల్దేరింది. బిస్కే దాటింది. అట్లాంటిక్ పొడవునా దిగి, ఆఫ్రికా చుట్టి, ఆ ఏడాది డిసెంబరులో బటావియా, అంటే నేటి జకార్తా, చేరింది. ఆ రోజుల్లోనే బోర్డో వదిలిన మరో పెద్ద జలాంతర్గామి యు-219 కూడా అక్కడికి చేరింది. మార్చిన నమూనా ఆ ప్రయాణానికి పనికొస్తుందని యు-195 నిరూపించింది. స్నార్కెల్‌తో బిస్కే దాటడం కూడా సాధ్యమేనని చూపించింది. ఒకేలాంటి రెండు నౌకలు ఒకే దారిన పోతే ఒకటి చేరి ఒకటి పోయిందంటే, నమూనా లోపం కంటే దారిలో పొంచి ఉన్న మైన్‌నే ముందు అనుమానించాలి. ఇది నిరూపణ కాదు, మొగ్గు మాత్రమే.

1945 మేలో జర్మనీ లొంగిపోగానే జపాన్ ఆ రెండు జలాంతర్గాములనూ స్వాధీనం చేసుకుంది. యు-219కి ఐ-505 అని, యు-195కి ఐ-506 అని కొత్త పేర్లు పెట్టింది. యు-180లో జర్మనీ చేరిన తొమొనాగా ఆ వసంతంలోనే ఇంటికి తిరుగు ప్రయాణం కట్టాడు. 560 కిలోల యురేనియం ఆక్సైడ్‌తో జపాన్‌కి బయల్దేరిన యు-234లో ఎక్కాడు. జర్మనీ లొంగిపోయిందని తెలిశాక ఆ జలాంతర్గామి కమాండర్ అమెరికాకి లొంగిపోవాలని నిర్ణయించాడు. తొమొనాగా, ఆయనతో ఉన్న మరో జపాన్ అధికారి నిద్రమాత్రలు మింగి ప్రాణాలు తీసుకున్నారు. అట్లాంటిక్‌లోనే వాళ్లకు జలసమాధి చేశారు.